బయ్యర్లొస్తే తెరుచుకునే తలుపు

చెప్పుల కోసం చచ్చిపోయిందని మైకులో చెప్పాడు.

ఫ్యాక్టరీ ముందు సిమెంటు నేల మీద మమ్మల్నందర్నీ ఎండలో నిలబెట్టి, తాను మాత్రం రేకుల పందిరి నీడలో నిలబడి మేనేజరు సరీన్ ఆ మాట అన్నాడు. ఆయన పక్కనే స్థలాన్ని కాచే నేక్ తా దేవుడి గూడు. దాని ముందు నిలువునా కాల్చిన పంది, కొబ్బరి బొండాలు, గుప్పెడు అగరొత్తులు. ప్రమాదం తర్వాత ఫ్యాక్టరీ తెరిచిన మొదటిరోజు అది. ఒక మనిషి ప్రాణానికి కంపెనీ చేసిన ప్రాయశ్చిత్తం ఆ పందే.

"రుందువల్ మంచి వర్కరు. కాదన్లేదు. కానీ ఏం చేస్తాం? ప్రాణం మీదికొస్తే ఎవరైనా పరిగెడతారు. మీరు చెప్పులు వెతుక్కున్నారు. తోసుకున్నారు, తొక్కుకున్నారు. కంపెనీ మీకు ట్రైనింగు ఇవ్వలేదా? ఎన్నిసార్లు డ్రిల్లు చేయించాం? బయ్యర్లే మెచ్చుకున్నారు. అయినా మీకు బుద్ధి రాలేదు. పల్లెల్లోంచి వచ్చిన అలవాట్లు మీవి."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నేరం వచ్చి మా నెత్తిన పడింది. అయినా ఎవరం నోరెత్తలేదు. ఎత్తడానికి మొహం లేదు. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. గుమ్మం దగ్గర వంగిన వాళ్ళలో నేనూ ఉన్నాను. సగం నిజాన్ని పట్టుకుని మొత్తం అబద్ధాన్ని మింగించడం వీళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

అప్పుడు బొత్తాల సెక్షన్ వరసలోంచి చెందా బయటికి నడిచింది. చెందా రుందువల్ చెల్లెలు. సన్నగా, పొట్టిగా ఉంటుంది. క్రమా కండువాను తలకు బిగించి కట్టుకుని వచ్చింది ఆరోజు. గుమ్మం పక్కన ప్రమాదం రోజు మిగిలిపోయిన చెప్పులన్నీ కదపకుండా గుట్టగానే వదిలేశారు, ఎవరివి వాళ్ళు ఏరుకోమని. చెందా ఆ కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఎవరా అమ్మాయి? వరసలోకి పో" అన్నాడు సరీన్.

చెందా వినలేదు. కుప్ప అడుగు నుంచి ఆకుపచ్చ చెప్పుల జత లాగింది. ఒకదాని పట్టీ తెగితే తెల్ల మిషన్ దారంతో కుట్టి ఉంది. రెంటినీ పైకెత్తి పట్టుకుంది.

"ఇయి మా అక్కవి. ఈ దారం నేనే కుట్టాను. చూడు సారూ, కుప్ప అడుగున ఉన్నాయి, అడుగున! మా అక్క వీటి జోలికే రాలేదు. ఒట్టి కాళ్ళతో పోయింది. మరి దేనికోసం చచ్చిపోయిందో ఇప్పుడు చెప్పు. అదే మైకులో చెప్పు!"

సరీన్ పక్కకు తిరిగి, "మైకు కట్టేయండి" అన్నాడు.

ఆ మైకు కట్టేసిన చప్పుడు మా అందరికీ వినిపించింది. మా పోరాటం ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే నేను అక్కణ్ణుంచే చెప్తాను.

*

ముందు ఆ తలుపుల సంగతి చెప్పాలి. మీలో కాలేజీల్లో చదువుకునే పిల్లలున్నారు, మిషన్ మీద కూర్చునే వాళ్ళున్నారు. మిషన్ మీద కూర్చునే వాళ్ళకు చెప్పక్కర్లేదు, వాళ్ళ దగ్గరా అంతే.

మా షెడ్డుకు గోడ మీది పటంలో రెండు తలుపులు. వాడకంలో ఒకటే. ముందు తలుపు మేం రోజూ వచ్చి పోయేది. వెనక తలుపు ఇస్త్రీ సెక్షన్ పక్కన, కాలవ వైపు ఉంది. దానికి గొలుసు, గొలుసుకు తాళం, తాళంచెవి సరీన్ గదిలో. ఎందుకంటే మేం దొంగలం కదా! అటునుంచి చొక్కాలు కాలవ గట్టు మీదికి విసిరేస్తామట. పని మధ్యలో జారుకుంటామట.

విదేశీ బయ్యర్లు వచ్చే రోజు మాత్రం తెల్లారేసరికి గొలుసు మాయమయ్యేది. తలుపుకు కొత్తగా ఆకుపచ్చ రంగు పడేది. ఇక చెప్పులు. తెల్లబట్టకు మట్టి అంటుతుందని చెప్పులు గుమ్మం బయటే విడవాలని కంపెనీ రూలు. మా ఇళ్ళలోనూ అంతే కాబట్టి మాకెవరికీ అది తప్పనిపించలేదు. మామూలు రోజుల్లో ముందు గుమ్మం ఎదుట అందరి చెప్పులూ మోకాలెత్తు గుట్ట. సాయంత్రం అందరం వంగి వంగి ఎవరివి వాళ్ళం వెతుక్కునే వాళ్ళం. బయ్యర్ల రోజు ఎక్కడినుంచో చెక్క అరలు వచ్చేవి, చెప్పులు బళ్ళో పిల్లల్లాగా బుద్ధిగా వాటిలో కూర్చునేవి.

డ్రిల్లు సంగతి ముందురోజే సూపర్వైజర్లు చెప్పేవాళ్ళు. "రేపు తొమ్మిదింటికి సైరను మోగుద్ది. కంగారు పడమాకండి. టోపీలు సరిగ్గా పెట్టుకోండి, మాస్కులు పైకి లాక్కోండి, నెమ్మదిగా నవ్వుతా నడవండి." మేం నవ్వుతూ నడిచే వాళ్ళం. బయ్యర్లు ఫొటోలు తీసుకునే వాళ్ళు. వాళ్ళ కార్లు గేటు దాటగానే గొలుసు మళ్ళీ పడేది, అరలు మళ్ళీ పోయేవి. డ్రిల్లుకు పట్టిన సమయాన్ని మా అన్నం వేళలోంచి కోసుకునే వాళ్ళు.

ఇస్త్రీ సెక్షన్ వాళ్ళను వెనక తలుపు గుండా నడిపించే పని రుందువల్‌కి అప్పజెప్పారు. పసుపు కోటు, ఒక ఈల ఇచ్చారు. ఆ పిచ్చిది దాన్ని నిజమనుకుంది.

"ఏమే పోలీసమ్మా, ట్రాఫిక్కు బాగుందా?" అని మేం ఏడిపించే వాళ్ళం.

"నవ్వండే, నవ్వండి" అనేది. "ఒక రోజు నిజంగానే మోగుద్ది. అప్పుడు నా కోటంచు పట్టుకుని ఉరికొస్తారు."

"గొలుసు సంగతేంటి మరి?" అని యిన్ పిన్ని ఒకసారి అడిగింది. యిన్ పిన్ని మా అందరికన్నా పాత మనిషి. ఆ షెడ్డు కట్టినప్పటి నుంచీ ఉంది.

"మోగినప్పుడు తీస్తార్లే పిన్నీ. తియ్యకపోతే మనకెందుకు నేర్పుతారు?"

మేం నవ్వాం.

*

ఆ మధ్యాహ్నం ఇస్త్రీ సెక్షన్‌లో ఇస్త్రీ పెట్టె కరెంటు తీగ కాలింది. పక్కన గుట్టలుగా ఉన్న బట్టకు నిప్పంటుకుంది. సైరను మోగింది.

మేం ఏం చేశామో చెప్తే మీరు నమ్మరు. మాస్కులు పైకి లాక్కున్నాం. నా ముందు మిషన్ అమ్మాయి టోపీ సర్దుకుంది. "బయ్యర్లొచ్చారా? నిన్న చెప్పలేదేంటి?" అని ఒకర్నొకరం అడిగాం. మాకు తెలిసిన సైరనుకు అర్థం అదే. పొగ కళ్ళలోకి వచ్చాక గానీ లేవలేదు.

అందరం ముందు తలుపు వైపు పరిగెత్తాం. గుమ్మం దాటగానే ముందున్న వాళ్ళు వంగారు. చెప్పుల కోసం ప్రాణం ఇచ్చేంత మోజు ఎవరికీ లేదు. రోజూ సాయంత్రం చేసే పనే కాళ్ళు చేశాయి, చేతులు చేశాయి. మాకు జరిగిన అసలు డ్రిల్లు ఏడాది పొడవునా ప్రతి సాయంత్రం ఆ గుట్ట దగ్గరే జరిగింది. వెనక నుంచి వచ్చేవాళ్ళు ఆగలేదు. వంగిన వాళ్ళ మీద పడ్డారు. వాళ్ళ మీద ఇంకొందరు పడ్డారు.

రుందువల్ మాత్రం నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేసింది. ఈల ఊదింది. ఇస్త్రీ వాళ్ళందర్నీ కూడగట్టి వెనక తలుపుకు తీసుకుపోయింది. గొలుసు పట్టుకుని గుంజింది, తలుపు మీద రెండు పిడికిళ్ళతో బాదింది, కాపలావాడు వుత్తిని పేరు పెట్టి పిలిచింది. ఎవరూ రాలేదు. అప్పుడు ఆ పొగలో వాళ్ళందర్నీ వెనక్కి తిప్పి, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి తోలుకొచ్చింది. ఒక్కొక్కర్నీ తన ముందుకు తోసి తాను చివర నడిచింది. ఆమెతో ఉన్నవాళ్ళే తర్వాత ఈ సంగతి చెప్పారు. వాళ్ళు బతికారు. ఆమె గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అక్కడ మనుషుల గుట్ట ఉంది. వెనక నుంచి కటింగ్ సెక్షన్ వాళ్ళ తాకిడి వచ్చింది. ఆమె పడింది, మళ్ళీ లేవలేదు.

మంట చిన్నదే. కాసేపట్లో ఆరిపోయింది. మంట ఎవర్నీ చంపలేదు.

*

సంతాపం పూర్తయిన ఆదివారం మా అద్దె గదుల వెనక ఖాళీ జాగాలో కూర్చున్నాం. పిలవని వాళ్ళు కూడా వచ్చారు. ఎవరో పచ్చిమామిడి ముక్కలూ ఉప్పూకారమూ తెచ్చారు గానీ ఎవరూ ముట్టలేదు.

"వెనక తలుపు తియ్యమందాం" అన్నాను నేను. "అంతే. ఇంకేం అడగొద్దు. గొలుసు తియ్యాలి, చెప్పులు దారిలోంచి తియ్యాలి."

"అడిగితే తీస్తాడా?" కటింగ్ సెక్షన్ కోసల్ అన్నాడు. మంచివాడే గానీ ప్రతిదానికీ ముందు భయం, తర్వాత మాట. "పేర్లు రాసుకుంటాడు. రేపు గేటు దగ్గర ఆపేస్తాడు. ఇంట్లో అయిదుగురు తినేవాళ్ళున్నారు నాకు."

"చస్తే ఎంతమంది తింటారు?" అంది చెందా.

"నువ్వు ఊరుకోవే. నీ బాధ నాకు తెలవదా?"

"నా బాధ పక్కనపెట్టు. నీ సంగతి చెప్పు. మళ్ళీ మోగితే ఎటు పోతావు నువ్వు? ముందుకా, వెనక్కా?"

అప్పుడు యిన్ పిన్ని లేచింది. ఆమె నోటి నుంచి ఏదో దీవెన లాంటి మాట వస్తుందనుకున్నాం.

"నా కాలి కింద ఎవరో ఉన్నారు ఆ రోజు" అంది. "మెత్తగా తగిలింది. నేను ఆగలేదు. ఆగుదామంటే వెనకనుంచి తోపు. అది రుందువలో, ఇంకెవరో నాకు తెలవదు. తెలుసుకోను కూడా. ఆ ముండాకొడుకు గొలుసేసి మన చేత మనల్ని తొక్కించాడు. మళ్ళీ మన మీదే చెప్పాడు. వాణ్ణి అడుక్కునేది తర్వాత. ముందు మనం మనల్ని తొక్కకుండా బయటికి రావడం నేర్చుకోవాలా వద్దా?"

పిన్ని తన చెప్పులు విడిచి జాగా మధ్యలో పడేసింది.

"తియ్యండి. అందరూ తియ్యండి. ఇక్కడ కుప్ప పొయ్యండి."

అలా మొదలైంది మా డ్రిల్లు. రెండు వెదురు గడలు పాతి గుమ్మం చేశాం. దాని ముందు చెప్పుల గుట్ట పోశాం. చెందా ఈల వేస్తే పరిగెత్తుకుంటూ ఆ గుమ్మంలోంచి రావాలి, కిందికి చూడకుండా. వినడానికి ఎంత తేలిక! మొదటిసారి సగం మందిమి వంగాం. చేతులు వాటంతటవే పోయాయి. ఒకమ్మాయి తన చెప్పులు దొరికాయని పైకెత్తి చూపించేసరికి అందరం పగలబడి నవ్వాం. నవ్వి నవ్వి, ఆ తర్వాత ఏం గుర్తొచ్చిందో ఏమో, ఒక్కొక్కరం నోళ్ళు మూసుకున్నాం.

"మళ్ళీ" అంది చెందా.

ఆదివారం వెంట ఆదివారం మళ్ళీ మళ్ళీ చేశాం. నడుముకు క్రమా కట్టుకుని, వెనకున్న మనిషి ఆ కొస పట్టుకోవాలని కుదుర్చుకున్నాం. పొగలో తోసుకోకుండా, విడిపోకుండా. తడి గుడ్డ ముక్కుకు కట్టుకుని వంగి నడవడం నేర్చుకున్నాం. అన్నింటికన్నా ముఖ్యమైనది మాత్రం మా అంతట మేం కనిపెట్టాం. ఎవరు పడినా పక్కనున్న మనిషి "పడింది!" అని అరవాలి. ఆ మాట విన్న ప్రతి ఒక్కరూ అదే మాట వెనక్కి అరవాలి, ఎక్కడి వాళ్ళక్కడ ఆగాలి. పక్కనున్న ఇద్దరు లేపాలి. లేచాక "లేచింది!" అని మళ్ళీ అరవాలి. అప్పుడే కదలాలి.

కోసల్ రెండో ఆదివారానికి కటింగ్ సెక్షన్ మగవాళ్ళందర్నీ వెంటేసుకుని వచ్చాడు. "ఎటు పోవాలో తెలుసుకుందామని" అన్నాడు చెందా మొహం చూడకుండా.

*

అడిగాం కూడా. అడగలేదని ఎవరూ అనకూడదు. నేనూ, యిన్ పిన్నీ, చెందా ముగ్గురం సరీన్ గదికి వెళ్ళాం. గదిలో ఏసీ చల్లదనానికి నాకు చేతులు బిగుసుకున్నాయి. తాళంచెవుల గుత్తి ఆయన వెనక మేకుకు వేలాడుతోంది. చెందా చూపంతా దాని మీదే.

"మీరు చెప్పేది నాకు తెలీదనుకున్నారా?" అన్నాడు సరీన్, ఎంతో ప్రేమగా. "బయ్యర్లొస్తున్నారు. ఈసారి పెద్ద డ్రిల్లు. కొత్త అరలు, కొత్త ఈలలు, అందరికీ కొత్త టోపీలు. ఇక ఏ లోటూ ఉండదు."

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటే ఇదే. అది కూడా దొంగల్ని చూసి కాదు, చుట్టాల్ని చూసి.

"గొలుసు సంగతి చెప్పండి సారూ" అంది పిన్ని.

"డ్రిల్లు రోజు తీస్తాం కదమ్మా."

"తర్వాత?"

"తర్వాత సరుకు ఎవరు కాస్తారు? నువ్వు కాస్తావా?" అని నవ్వి, ఆయన బీరువా తెరిచాడు. మడతపెట్టిన పసుపు కోటు తీసి చెందా ముందు పెట్టాడు. ఉతికించినట్టున్నారు, సబ్బు వాసన వచ్చింది. "ఇదిగో, మీ అక్క పని ఇక నీది. ఇస్త్రీ సెక్షన్‌ని నువ్వే నడిపించు. బయ్యర్లకు నీ గురించి చెప్తాను. కంపెనీ మిమ్మల్ని మర్చిపోదు."

చెందా ఆ కోటును ఆయన మొహాన కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మెల్లగా తీసుకుని, చేతులు జోడించి దణ్ణం పెట్టింది.

బయటికొచ్చాక పిన్ని చెందా జబ్బ పట్టుకుంది. "ఎందుకు తీసుకున్నావే దాన్ని?"

"నడిపించమన్నాడుగా పిన్నీ. నడిపిస్తా."

*

బయ్యర్లొచ్చిన రోజు అన్నీ ఉన్నాయి. ఆకుపచ్చ రంగు ఉంది, గొలుసు లేదు. చెప్పులు అరల్లో కూర్చున్నాయి. తొమ్మిదింటికి సైరను మోగింది.

ఎవరూ లేవలేదు.

షెడ్డు నిండా మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. తలెత్తిన మనిషి లేదు. సైరను మోగుతూనే ఉంది, మేం కుడుతూనే ఉన్నాం. నేనూ మిషన్ మీద నుంచి పాదం తియ్యలేదు. తెల్ల చొక్కాల బయ్యర్లు ఫోన్లు పైకెత్తి పట్టుకుని, తియ్యడానికేమీ లేక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సూపర్వైజర్లు వరసల మధ్య పరిగెత్తారు. సరీన్ మొహం ఎర్రబడింది. యిన్ పిన్ని మిషన్ దగ్గరికి వచ్చి పళ్ళ మధ్య నుంచి అడిగాడు.

"ఏమైంది మీకు? చెవుడా? సైరను మోగుతోంది, లెగండి!"

"దేనికి సారూ?" పిన్ని కుట్టు ఆపకుండానే అంది. "తలుపు తెరిచే ఉందిగా. తలుపు తెరిచున్న రోజు ఇక్కడ ఏ ప్రమాదమూ రాదు. మాకు తెలుసు."

పక్క వరసల్లో నవ్వు పుట్టింది. సరీన్ సైరను ఆపించి, సైరను పాడైందని బయ్యర్లకు ఏదో సర్దిచెప్పి, వాళ్ళను కాఫీలకు తన గదివైపు తీసుకుపోయాడు. పోతూ పోతూ వుత్తికి సైగ చేశాడు. మేం ఆ తలుపులోంచి రోడ్డెక్కుతామని భయపడ్డాడు కాబోలు. బయ్యర్లు ఇంకా గేటు దాటకముందే గొలుసు తలుపుకు పడింది.

మాకు కావలసిందీ అదే. వాడి చేతే వేయించాం.

అన్నం వేళ అయిపోయి అందరం మిషన్ల మీద కూర్చున్నాక చెందా లేచింది. పసుపు కోటు తొడుక్కుంది. సైరను పెట్టె మీది అద్దాన్ని మోచేత్తో పగలగొట్టి మీట లాగింది. అది మోగుతుండగా ఈల ఊదింది. ఆ ఈల కోసమే కూర్చున్నామా అన్నట్టు షెడ్డంతా ఒక్కసారి లేచి నిలబడింది.

ఎవరూ ముందు తలుపు వైపు పోలేదు. చెప్పుల వైపు చూడలేదు. క్రమా కొసలు పట్టుకుని వరసగా వెనక తలుపుకు నడిచాం. మిషన్లన్నీ ఆగిపోయిన షెడ్డులో మా ఒట్టి కాళ్ళ చప్పుడు నేను మొదటిసారి విన్నాను.

తలుపు ముందు వుత్తి లాఠీ పట్టుకుని నిలబడ్డాడు.

"వుత్తి బాబాయ్, నిప్పంటుకుంది. తలుపు తియ్యి" అంది చెందా.

"ఏ నిప్పే? ఎక్కడుంది నిప్పు?"

"ఉందనుకో. తాళం తియ్యి."

"నా దగ్గరుంటేగా! సారు గదిలో ఉంది చెవి."

"అయితే నువ్వేం చేస్తావు?"

వుత్తి మా మొహాలు చూశాడు. తన వెనకున్న గొలుసు చూశాడు. ఆ రోజు రుందువల్ పిలిచిన పిలుపు విన్నాడో లేదో నాకు తెలియదు. లాఠీ గోడకు ఆనించి పక్కకు జరిగాడు.

"నేనూ మీతోనే చస్తాను. ఇంకేం చేస్తాను" అన్నాడు.

అప్పటికి సరీన్, ఆయన వెనకే బయ్యర్లు పరిగెత్తుకొచ్చారు. బయ్యర్ల ఫోన్లు పైకి లేచాయి. ఈసారి తియ్యడానికి వాళ్ళకు కావలసినంత ఉంది. కోసల్, కటింగ్ సెక్షన్ మగవాళ్ళు ఇస్త్రీ బల్ల ఇనుప కాళ్ళు ఊడదీసుకొచ్చారు. ప్రతిదానికీ ముందు భయపడే కోసలే మొదటి దెబ్బ కొట్టాడు.

"ఆగండి! కంపెనీ ఆస్తి అది! పోలీసుల్ని పిలుస్తా!" సరీన్ గొంతు చిరిగేలా అరిచాడు.

"పిలువు!" అంది యిన్ పిన్ని. "వాళ్ళకైనా చెవి ఇచ్చి పంపు!"

గొలుసు తెగలేదు. మంచి గొలుసు కొన్నాడు. తలుపు బందులు మాత్రం నాసిరకానివి. అవి ఊడిపోయి, ఆకుపచ్చ రంగు ఆరీ ఆరని ఆ తలుపు గొలుసుతో సహా కాలవ గట్టు మీద వెల్లకిలా పడింది. వెలుగు లోపలికి వచ్చింది. కాలవ కంపు కూడా వచ్చింది. ఆ కంపు కోసం ఒక మనిషి రెండు పిడికిళ్ళతో తలుపు బాదిందని గుర్తొచ్చి నేను బిగ్గరగా ఏడ్చాను.

తలుపును తొక్కుకుంటూ బయటికి నడిచాం. ఒక్కరు పడలేదు.

*

పోలీసులు వచ్చేసరికి మేం రహదారి మీద ఉన్నాం. తారు కాళ్ళు కాలుస్తోంది. ఒక్కరూ చెప్పుల కోసం వెనక్కి పోలేదు. లారీలు ఆగిపోయాయి. పక్క ఫ్యాక్టరీల అమ్మాయిలు ప్రహరీల మీద నుంచి తొంగి చూస్తున్నారు.

"అబద్ధపు సైరను మోగించిందెవరు?" అని అడిగాడు వాళ్ళ పెద్ద.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్నేళ్ళుగా మోగాయి ఆ షెడ్డులో అబద్ధపు సైరన్లు! అది నేరమైతే మొట్టమొదట లాక్కుపోవలసింది ఎవర్ని?

"నేనే" అంది చెందా. "అక్క పని నాకిచ్చారు. చేశాను."

ఇద్దరు ఆమె చేతులు వెనక్కి విరిచి వ్యాను వైపు ఈడ్చారు. ఆమె కాళ్ళు బొబ్బలెక్కి నేల మీద ఆనడం లేదు. తడబడి ముందుకు పడిపోయింది.

"పడింది!" అని అరిచాను నేను.

"పడింది!" అని యిన్ పిన్ని అరిచింది. "పడింది! పడింది!" వెనక్కి, ఇంకా వెనక్కి ఆ మాట పోయింది. రోడ్డు మీద ఉన్న వాళ్ళంతా ఎక్కడి వాళ్ళక్కడ ఆగిపోయారు. ఒక్క అడుగు కదల్లేదు. ప్రహరీల మీద అమ్మాయిలకు ఆ మాట సంగతి తెలియదు, అయినా వాళ్ళూ అందుకున్నారు. పోలీసులు బిత్తరపోయారు. తోసుకునే గుంపును చెదరగొట్టడం వాళ్ళకు తెలుసు, ఆగిపోయిన గుంపును ఏం చెయ్యాలో వాళ్ళకెవరూ నేర్పలేదు. నేనూ కోసలూ వాళ్ళ మధ్యలోంచి దూరి, చెందాను చెరో రెక్కా పట్టుకుని లేపాం.

"లేచింది!" అని తనే అరిచింది చెందా.

తర్వాత తీసుకుపోయారు. ఆపలేకపోయాం. ఆమెను, కోసల్‌ను, ఇంకా కొందర్ని. పసుపు కోటు చించి రోడ్డు పక్కన పడేశారు. పిన్ని దాన్ని ఏరుకొచ్చి కుట్టింది.

ఇప్పుడు మా షెడ్డుకు వెనక గుమ్మం ఉంది, తలుపు లేదు. కొత్త తలుపు పెట్టడానికి సరీన్ మనుషుల్ని పంపించాడు గానీ, మేం మిషన్లు ఆపి గుమ్మంలో కూర్చున్నాం. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయారు. చెప్పులు పక్క గోడ వారన పెడుతున్నాం. రుందువల్ చెప్పుల కోసం చచ్చిపోయిందని ఇక ఎవడూ అనడు.

చెందా ఇంకా జైల్లోనే ఉంది. వారం వారం వెళ్ళి చూస్తున్నాం. నాతో మాట్లాడినప్పుడు తన సంగతి చెప్పదు, పక్క ఫ్యాక్టరీ సంగతి అడుగుతుంది.

పక్క ఫ్యాక్టరీ వెనక తలుపుకు గొలుసుంది. దాని పక్కదానికీ ఉంది. నిన్న ఆ అమ్మాయిలు మా గదుల దగ్గరికి వచ్చి, ఆదివారం మేమూ వస్తామన్నారు.

చెప్పులు వేసుకుని రమ్మన్నాం. కుప్ప పొయ్యడానికి.